పాత పట్టు బొంతను నీళ్లలో ముంచకండి: అపోహలు - వాస్తవాలు

అమెరికాలో స్థిరపడి సాగు చేసేవారికి ప్రభుత్వ భూమి ఇచ్చిన 1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టం కింద 160 ఎకరాలు పొంది నెబ్రాస్కా మైదానంలో స్థిరపడిన ఒక కుటుంబం ఇల్లు ఇప్పుడు మ్యూజియం. దాని పడకగదిలోని వస్త్రాలను కాపాడటం నా పని. మంచం మీది క్రేజీ క్విల్ట్‌ను, అంటే రకరకాల ఆకారాల పట్టు, వెల్వెట్ ముక్కలు కలిపి కుట్టిన బొంతను చూడగానే సందర్శకులు అడిగేది ఒకటే: "మా ఇంట్లోనూ ఇలాంటిది ఉంది, పట్టు ముక్కలు చిరుగుతున్నాయి. మురికి వల్లే కదా, ఉతికితే ఆగుతుందా?"

ఆగదు. ఉతికితే పీలికలే చేతికొస్తాయి. ముడిపట్టులోని బంక తీసేస్తే దాదాపు నాలుగో వంతు బరువు పోతుంది. పట్టును తూకం వేసి అమ్మే రోజులవి. అందుకే 19వ శతాబ్దం చివర్లో తయారీదారులు ఆ లోటును తగరం, ఇనుము లవణాలతో పూడ్చారు. ఈ బొంతల మోజు 1880లలో జోరుగా సాగింది. ఆ లవణాలే పోగును పెళుసుబారుస్తాయి, వెలుతురు ఆ పనిని ఇంకా త్వరపెడుతుంది. పక్కనున్న వెల్వెట్ ముక్క నిక్షేపంగా ఉండి, పట్టు మాత్రం పోగుల వెంట నిలువునా చీలుతుంటే అది మురికి చేసిన పని కాదు.

ఒక పెద్దావిడకు ఎవరో ఉప్పు, వెనిగర్ నీళ్లలో నానబెడితే పట్టు గట్టిపడుతుందని చెప్పారట. ఇలాంటి చిట్కాలు పుట్టించేవారిని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆవిడేమో అమ్మమ్మ గుర్తును తానే పాడుచేశానని కుమిలిపోతున్నారు. ఆ చేటు బట్ట తయారైనప్పుడే దానిలో చేరిందని చెప్పాక గానీ ఆవిడ కుదుటపడలేదు.

బొంతను ఎండకు దూరంగా ఉంచండి. మేం గదిలో వెలుతురును 50 లక్స్ (వెలుతురు కొలమానం) దాటనివ్వం. చిరిగిన ముక్కపై సన్నని నెట్ కప్పి, చుట్టూ గట్టిగా ఉన్న బట్టకు కుట్టించండి. ప్లాస్టిక్ సంచి వద్దు. చెక్క భోషాణంలో నేరుగా పెట్టడమూ వద్దు, చెక్క నుంచి ఆమ్లపు ఆవిర్లు వస్తాయి. ఉతికిన నూలు దుప్పటిలో చుట్టి, మడతల మధ్య మెత్త పెట్టి, అప్పుడప్పుడు మడత మార్చండి. పట్టుచీరలకు మన అమ్మలు చేసేది ఇదే.

మిగతావి త్వరగా చెబుతాను. మంచాలు పొట్టిగా కనిపిస్తున్నాయని అప్పటివాళ్లంతా పొట్టివాళ్లనుకోవద్దు: అమెరికా అంతర్యుద్ధ కాలపు సైనికుల సగటు ఎత్తు సుమారు 5 అడుగుల 8 అంగుళాలు. ఎత్తైన తలపలకే కంటిని మోసగిస్తుంది. అల్మారాలకు పన్ను కట్టాల్సి వచ్చేది కాబట్టే పాత ఇళ్లలో అవి ఉండేవి కావన్నది వట్టి పుకారు. గోడ మీది, మనుషుల వెంట్రుకలతో అల్లిన జుట్టు దండ చూసి భయపడేవారికి ఒక మాట: అందులో చనిపోయినవారి వెంట్రుకలే కాదు, బతికున్న బంధువులూ స్నేహితురాళ్లూ ప్రేమతో ఇచ్చినవీ ఉండేవి. దాన్ని కూడా తడపకండి.