వృద్ధాశ్రమంలో ఫార్మసిస్టు ఎవరి మనిషి? ఆస్ట్రేలియా వివాదానికి నేపథ్యం

ఆస్ట్రేలియాలో కొత్త ఏజ్డ్ కేర్ (వృద్ధుల సంరక్షణ) చట్టం 2025 నవంబరు 1న అమల్లోకి వచ్చింది. దానితోపాటు వచ్చిన నాణ్యతా ప్రమాణాల్లో మందుల భద్రతకు విడిగా చోటిచ్చారు. చట్టం కొత్తదే గానీ, దాని వెనక నడుస్తున్న పేచీ పాతది. వృద్ధుల హోమ్‌లో కూర్చుని, అక్కడి పెద్దవాళ్లు మింగే మాత్రలను ఒక్కొక్కటిగా సరిచూసే ఫార్మసిస్టుకు జీతం ఎవరి చేతి మీదుగా వెళ్లాలి? హోమ్ ద్వారానా, ఆ హోమ్‌కు మందులు సరఫరా చేసే బయటి ఫార్మసీ ద్వారానా? పైకి జీతాల తగువులా కనిపించే ఈ ప్రశ్నలో పదేళ్ల చరిత్ర ఉంది.

ఆ చరిత్రను అందరూ ఓక్‌డెన్ దగ్గర మొదలుపెడతారు. అడిలైడ్‌లో రాష్ట్ర ప్రభుత్వం నడిపిన ఆ కేంద్రంలో ఒక పార్కిన్సన్స్ రోగికి క్వెటియాపిన్ అనే మానసిక వ్యాధి మాత్ర రాసిన డోసుకు పది రెట్లు ఇచ్చారు. 2017లో కుటుంబం బయటపెట్టింది, కేంద్రం మూతపడింది, 2018లో వృద్ధుల సంరక్షణ మీద రాయల్ కమిషన్ (ప్రభుత్వం వేసే అత్యున్నత విచారణ సంఘం) వచ్చింది, 2021 మార్చిలో 148 సిఫార్సులతో తుది నివేదిక వచ్చింది. చాలాసార్లు చెప్పుకున్న కథే కనుక ఇక్కడ ఎక్కువసేపు ఆగనక్కర్లేదు. ఒక్క మాట మాత్రం చెప్పాలి. ఓక్‌డెన్ వల్ల జనం మనసులో ‘డోసు తప్పు’ అనేది ముద్ర పడిపోయింది. హోమ్‌లలో రోజూ జరిగే నష్టం చాలావరకు డోసు తప్పుల వల్ల కాదు. డాక్టరు సంతకం ఉంటుంది, డోసు సరిగ్గా ఉంటుంది, కేరర్ (పెద్దవాళ్లను చూసుకునే సహాయకురాలు) టైముకే ఇస్తుంది. ఆ మనిషికి ఆ మాత్ర అవసరమా అని అడిగేవాళ్లే ఉండరు.

డిమెన్షియా ఉన్న పెద్దావిడ సాయంత్రం అయ్యేసరికి కంగారుపడుతుంది, తలుపులు తడుతుంది, అరుస్తుంది. నొప్పి ఉందేమో, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉందేమో, ఆకలేస్తోందేమో కనుక్కోవాలంటే మనుషులు కావాలి, తీరిక కావాలి. రిస్పెరిడోన్ మాత్రకో, ఆక్సాజెపామ్ మాత్రకో అవేవీ అక్కర్లేదు. మనిషి మెత్తబడుతుంది. తర్వాత మగతలో పడిపోవడం, తుంటి ఎముక విరగడం, న్యుమోనియా, పక్షవాతం. డిమెన్షియా ఉన్న వృద్ధుల్లో రిస్పెరిడోన్ లాంటి కొత్త తరం యాంటీసైకోటిక్ (తీవ్ర మానసిక వ్యాధులకు వాడే) మందుల వల్ల మరణం ముప్పు 1.6 నుంచి 1.7 రెట్లు పెరుగుతోందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2005లోనే హెచ్చరించింది. ఆస్ట్రేలియా కూడా 2015లో రిస్పెరిడోన్‌ను అల్జీమర్స్ తరహా డిమెన్షియాకే, అదీ 12 వారాలకే పరిమితం చేసింది. అంటే ఈ ముప్పు సంగతి తెలియక ఇచ్చారనడానికి లేదు.

నా లెక్కలో ఈ కథ మలుపు తిరగాల్సిన చోటు ఓక్‌డెన్ కాదు, రెడ్‌యూజ్. హోమ్‌లలో ఇలాంటి మందుల వాడకం తగ్గించడానికి టాస్మేనియా విశ్వవిద్యాలయం నడిపిన ఈ ప్రాజెక్టుకు డబ్బిచ్చింది కేంద్ర ప్రభుత్వమే. చిన్నగా టాస్మేనియాలో మొదలై, 2014 నుంచి 2016 దాకా దేశవ్యాప్తంగా 150 హోమ్‌లలో జరిగింది. నాయకత్వం వహించిన జువానిటా వెస్ట్‌బరీ స్వయంగా ఫార్మసిస్టు.

చేసిన పని చూస్తే ఇంతేనా అనిపిస్తుంది. ముందు ప్రతి హోమ్‌లో ఎంతమందికి యాంటీసైకోటిక్ మందులు, ఎంతమందికి బెంజోడయజపీన్ రకం మత్తుమాత్రలు నడుస్తున్నాయో ఫార్మసీ రికార్డుల నుంచి లెక్క తీశారు. మిగతా హోమ్‌ల సగటు ఇంత, మీది ఇంత అని సిబ్బంది ముందు పెట్టారు. చాలామంది నర్సులకు తమ హోమ్ సంఖ్య తెలియడం అదే మొదటిసారి అయి ఉంటుంది. తర్వాత శిక్షణ పొందిన ఫార్మసిస్టు వచ్చి కేరర్‌లకు, నర్సులకు ఈ మందులు ఏం చేస్తాయో, ఏం చేయవో చెప్పారు. ప్రతి హోమ్‌లో ఒక నర్సుకు ఈ బాధ్యత అప్పగించారు. ఆ నర్సు, ఫార్మసిస్టు, ఫ్యామిలీ డాక్టరు కలిసి ఒక్కో మనిషి మందుల పట్టికను తిరగేశారు. మూడు నెలలకు మళ్లీ లెక్క, ఆరు నెలలకు మళ్లీ లెక్క.

ఫలితం 2018లో వైద్య పత్రికలో వచ్చింది. 12 వేలమందికి పైగా నివాసితుల్లో యాంటీసైకోటిక్ వాడేవాళ్లు 21.6 శాతం నుంచి 18.9 శాతానికి, బెంజోడయజపీన్ వాడేవాళ్లు 22.2 నుంచి 17.6 శాతానికి తగ్గారు. మొదట్లో ఈ మందుల మీద ఉన్నవాళ్లలో దాదాపు 40 శాతం మందికి డోసు తగ్గింది లేదా మందే ఆగింది. ఒకటి ఆపి దాని బదులు ఇంకో మత్తుమందు మొదలుపెట్టారా అని కూడా చూశారు, అలా జరగలేదు. ఆరు నెలల్లో వచ్చిన మార్పు ఇది. సిడ్నీ నర్సింగ్ హోమ్‌లలో 1993లో తీసిన లెక్కకూ 2009లో తీసిన లెక్కకూ మధ్య యాంటీసైకోటిక్ వాడకం దాదాపు కదలనే లేదని గుర్తు చేసుకుంటే ఆ ఆరు నెలల విలువ అర్థమవుతుంది.

ఆ పద్ధతిని ప్రతి హోమ్‌కూ తీసుకెళ్లాల్సింది. ప్రాజెక్టు ముగిసింది, అది శాశ్వత ఏర్పాటు కాలేదు.

ఇదే కాలంలో ప్రభుత్వం రెండో చేయి ఏం చేసిందో చూడండి. ఏజ్డ్ కేర్ నివాసితుల మందులను ఫార్మసిస్టు సమీక్షించే పథకం 1997 నుంచీ ఉంది. బయటి ఫార్మసిస్టు వచ్చి, పట్టిక చూసి, డాక్టరుకు ఉత్తరం రాసి వెళ్తాడు. 2014 మార్చిలో ఖర్చు అదుపు కోసం దీన్ని ఒక్కో మనిషికి 24 నెలలకు ఒకసారికి కుదించారు. వైద్యపరంగా గట్టి అవసరం ఉంటేనే మినహాయింపు. హోమ్‌లో చేరిన చాలామంది బతికేదే రెండు మూడేళ్లు. ఒకవైపు పదేపదే లెక్క చూస్తే మందులు తగ్గుతాయని నిరూపించడానికి డబ్బిస్తూ, మరోవైపు చూసేదే రెండేళ్లకోసారి అని నియమం పెట్టారు. 2020లో తదుపరి సందర్శనలకు డబ్బివ్వడం మొదలుపెట్టారు గానీ, అప్పటికి రాయల్ కమిషన్ దుమ్ము దులిపేసింది.

కమిషన్ 2019 అక్టోబరు మధ్యంతర నివేదికలో మెదడు మీద పనిచేసే ఈ మందుల వాడకం స్పష్టంగా సమర్థనీయమైనది 10 శాతం సందర్భాల్లోనే అని రాసింది. ప్రభుత్వం ప్రధానంగా చట్టం వైపు నుంచి స్పందించింది. 2021 జులై నుంచి, ప్రవర్తనను అణచడానికి మందు వాడితే అది నిర్బంధం కిందకు వస్తుంది, ముందు ఇతర మార్గాలు ప్రయత్నించాలి, సమ్మతి కావాలి. మంచిదే. కానీ ఈ చట్టం పట్టుకునేది హోమ్ యాజమాన్యాన్ని, మందు రాసే డాక్టరును కాదు. పైగా నిర్ధారిత మానసిక వ్యాధికి ఇచ్చిన మందు నిర్బంధం లెక్కలోకి రాదు. పట్టికలో ఒక రోగం పేరు చేరితే చాలు. యాంటీసైకోటిక్ మందులను హోమ్‌లలో మానసిక వైద్యులో, వృద్ధుల వైద్య నిపుణులో మాత్రమే మొదలుపెట్టాలన్న కమిషన్ 65వ సిఫార్సు అమలు కాలేదు. పల్లెల్లో నిపుణులు ఎక్కడ దొరుకుతారన్న అభ్యంతరం తీసిపారేయదగ్గది కాదు, నిజమే.

ఇక నేటి పేచీ. 2022 బడ్జెట్‌లో అప్పటి మోరిసన్ ప్రభుత్వం 34.57 కోట్ల డాలర్లు ప్రకటించింది: నాలుగేళ్లలో ప్రతి హోమ్‌లో ఫార్మసిస్టు, 2023 జనవరి నుంచి మొదలు. కాన్‌బెరాలో ఫార్మసిస్టులను హోమ్‌లలోనే పార్ట్‌టైమ్‌గా కూర్చోబెట్టిన ప్రయోగం ఉదాహరణగా అందరి ముందూ ఉంది. మొదటి ఆలోచన ప్రకారం ఫార్మసిస్టు హోమ్ మనిషి. నర్సుతో కలిసి రౌండ్‌కు వెళ్తాడు, మీటింగుల్లో కూర్చుంటాడు, డాక్టరు వచ్చినప్పుడు అక్కడే ఉంటాడు. రెడ్‌యూజ్ పద్ధతికి ఇది దగ్గర.

ప్రభుత్వం మారింది. పథకం వాయిదా పడి 2024 జులై 1న మొదలయ్యేసరికి డబ్బు ముందుగా బయటి కమ్యూనిటీ ఫార్మసీకి వెళ్లేలా మార్చారు. ఫార్మసీ ఫార్మసిస్టును పెట్టి హోమ్‌కు పంపుతుంది. ఫార్మసీ దొరకని చోట హోమ్ తానే పెట్టుకోవడం రెండో మెట్టు. ఫార్మసీ యజమానుల సంఘమైన ఫార్మసీ గిల్డ్ వాదన ఇది: మందుల చరిత్ర అంతా మా దగ్గరే ఉంది, మనుషులూ మా దగ్గరే ఉన్నారు, హోమ్‌లు సొంతంగా పెట్టుకోలేవు.

అవతలివాళ్లు అడిగేది వేరే. హోమ్‌లో వాడే వారంవారీ బ్లిస్టర్ ప్యాక్‌లు (పూటల వారీగా మాత్రలు సర్దిన అట్టలు) ఆ ఫార్మసీ నుంచే వస్తాయి. మాత్రలు ఎన్ని ఎక్కువైతే దానికి వ్యాపారం అంత. అదే ఫార్మసీ జీతమిచ్చే మనిషి ‘ఈ మాత్ర తీసేయండి’ అని ఎంత గట్టిగా చెప్పగలడు? ప్యాకింగ్‌లో తప్పు జరిగితే తన యజమాని మీదే రిపోర్టు రాస్తాడా? సరఫరా ఒప్పందం పోతుందన్న భయంతో హోమ్ మేనేజర్‌ను నొప్పించకుండా మెలగడా? ఫార్మసిస్టుల నిజాయితీని ఎవరూ శంకించడం లేదు. అతని పై అధికారి ఎవరన్నదే ప్రశ్న. హోమ్ ఉద్యోగి అయినా యాజమాన్యం ఒత్తిడి ఉంటుందని గిల్డ్ వైపువాళ్లు అనవచ్చు. కానీ హోమ్‌కు మాత్ర అమ్ముడైతే లాభం లేదు.

తెలుగువాళ్లకు ఇది దూరపు గొడవ కాదు. మెల్‌బోర్న్, సిడ్నీల్లో చదువుకుంటూ ఏజ్డ్ కేర్‌లో కేరర్‌లుగా పనిచేసే మన పిల్లలు చాలామంది. చాలా హోమ్‌లలో ప్యాక్ విప్పి మాత్ర చేతిలో పెట్టేది వాళ్లే. పైగా డిమెన్షియా ముదిరితే పెద్దయ్యాక నేర్చుకున్న భాష ముందు జారిపోతుంది. అక్కడ స్థిరపడిన ఒక తాతగారు తెలుగులో నీళ్లడిగితే అర్థం కాని నైట్ షిఫ్ట్‌కు అది అరుపులాగే వినిపిస్తుంది. ఫైల్లో ‘ఆందోళన, దూకుడు’ అని రాస్తారు. ఆ మాట చదివి డాక్టరు మందు రాస్తాడు.

పథకం నిష్పత్తి 250 పడకలకు ఒక పూర్తికాలపు ఫార్మసిస్టు. 50 పడకల హోమ్‌కు వారంలో ఒక్క రోజు. ఆ ఒక్క రోజులో అతను మత్తుమాత్రల లెక్క తీసి డాక్టరుతో వాదించాలా, కొత్త ప్యాకింగ్ సాఫ్ట్‌వేర్ సరిచూడాలా, వ్యాక్సిన్లు వేయాలా అన్నది రోజువారీగా తేల్చేది అతని పై అధికారే.