డ్యుయల్ ఎన్‌రోల్‌మెంట్: మార్కులు చూస్తారు, క్రెడిట్ ఇవ్వరు

హైస్కూల్లో ఉండగానే కాలేజీ కోర్సులు చేసి, డిగ్రీకి లెక్కకొచ్చే క్రెడిట్లు పోగేసుకోవడం అమెరికాలో మామూలైపోయింది. దీన్నే డ్యుయల్ ఎన్‌రోల్‌మెంట్ లేదా డ్యుయల్ క్రెడిట్ అంటారు. 2022-23లో దాదాపు 25 లక్షల మంది పిల్లలు కనీసం ఒక్క డ్యుయల్ ఎన్‌రోల్‌మెంట్ కోర్సైనా చేశారు. ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్: హైస్కూల్లోనే కాలేజీ స్థాయి పాఠాలు, చివర్లో దేశమంతటికీ ఒకే పరీక్ష) తీసుకోవాలా, డ్యుయల్ క్రెడిటా అన్న టెన్షన్ డాలస్ చుట్టుపక్కల తెలుగు ఇళ్లలోనూ ఉన్నదే. పేరున్న యూనివర్సిటీలు ఈ రెంటినీ ఒకేలా చూడవు. దానికి కారణం అవి పుట్టిన చోట్లలోనే ఉంది.

ఏపీ ఆ పేరున్న యూనివర్సిటీల ఇంటి బిడ్డే. 1950ల మొదట్లో ఫోర్డ్ ఫౌండేషన్ డబ్బుతో హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ వాళ్లు మూడు పేరున్న ప్రైవేటు స్కూళ్లతో కలిసి చేసిన అధ్యయనం దాని పునాదుల్లో ఒకటి. 1955లో, ఇప్పటికీ ఏపీ పరీక్షలు నడిపే సంస్థ కాలేజ్ బోర్డు దాన్ని చేతిలోకి తీసుకుంది.

డ్యుయల్ ఎన్‌రోల్‌మెంట్‌ పెరిగింది మాత్రం రాష్ట్రాల చట్టసభల్లో. 1985లో మిన్నెసోటా, గవర్నర్ రూడీ పెర్పిచ్ పట్టుబట్టడంతో, 11, 12 తరగతుల పిల్లలు ప్రభుత్వ ఖర్చుతో కాలేజీలో చదువుకునేలా చట్టం చేసింది. 1990లో వాషింగ్టన్ రాష్ట్రం అదే బాట పట్టింది. హైస్కూల్ పిల్లలకు కనీసం 12 కాలేజీ క్రెడిట్లు సంపాదించే అవకాశం కల్పించాలని 2006లో టెక్సస్ చట్టం తెచ్చింది. ఫీజు భారం తగ్గాలి, ఇంట్లో ఎవరూ కాలేజీ గడప తొక్కని పిల్లలు కూడా తొక్కాలి: ఉద్దేశం ఇది. ఐవీ లీగ్ (హార్వర్డ్, యేల్ లాంటి ఎనిమిది పేరున్న విద్యాసంస్థలు) సీటు ఎవరి లెక్కలోనూ లేదు.

ఐవీ లీగ్‌లోదే అయిన కోర్నెల్ నియమం చూడండి. కాలేజీ పేరు మీద నడిచినా, హైస్కూల్లో హైస్కూల్ పిల్లలకే చెప్పిన కోర్సైతే, కాలేజీ అధికారిక ట్రాన్స్‌క్రిప్ట్ (మార్కుల పత్రం) ఇచ్చినా క్రెడిట్ రాదు. అదే పిల్ల ఏపీ పరీక్షలో మంచి స్కోరు తెచ్చుకుంటే క్రెడిట్ రావచ్చు. పరీక్ష దేశమంతటికీ ఒక్కటే, గ్రేడు మాత్రం ఏ క్లాసుకా క్లాసుదే కదా! మరో ఐవీ లీగ్ కాలేజీ డార్ట్‌మత్ అయితే చేరకముందు చేసిన కాలేజీ కోర్సులకు అసలు క్రెడిట్ ఇవ్వదు.

అడ్మిషన్ సంగతి వేరు, మనవాళ్లు కలిపేసుకునేది ఇక్కడే. స్కూల్లో ఉన్న లెక్కలన్నీ అయిపోయి, పక్క కమ్యూనిటీ కాలేజీలో మల్టీవేరియబుల్ కాల్‌క్యులస్ చేసిన పిల్లాడి ఫైలు బలంగానే కనిపిస్తుంది. ఏపీలే లేని చిన్న ఊరి స్కూలైతే మరీనూ. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా అయితే తన దగ్గరికి ట్రాన్స్‌ఫర్‌కి పనికొచ్చే కాలేజీ కోర్సుల్ని జీపీఏలో (గ్రేడుల సగటులో) ఆనర్స్‌గా, అంటే అదనపు పాయింటుతో లెక్కేస్తుంది.

క్రెడిట్ రాకపోయినా గ్రేడు మాత్రం వదలదు. రేపు మెడిసిన్‌కి ఏఎమ్‌సీఏఎస్ (అమెరికా మెడికల్ కాలేజీల ఉమ్మడి దరఖాస్తు వ్యవస్థ) ద్వారా అప్లై చేసేటప్పుడు, పదహారేళ్లప్పుడు తెచ్చుకున్న ఆ సీ గ్రేడు కూడా కాలేజీ జీపీఏలోనే కలుస్తుంది.