చందమామ అట్టు మందమెంత?

పిల్లలకు ఆశీస్సులు.

"తాతయ్యా, 30 కిలోల పిల్లాడు చంద్రుడి మీద 5 కిలోలే తూగుతాడట. అక్కడికి ఎవరూ వెళ్లకముందే అదెలా తెలిసింది?" అని అడిగారు. రెండే సంగతులు కావాలి: ఆ గోళంలో పదార్థం ఎంతుంది, దాని వ్యాసార్ధం ఎంత.

వంటింట్లో అట్టు పోస్తుంటే చూడండి. పిండే పదార్థం, పెనం వెడల్పే వ్యాసార్ధం, అట్టు మందమే ఆకర్షణ. అంతే పిండిని రెండింతల వెడల్పున తిప్పితే మందం సగం కాదు, నాలుగో వంతవుతుంది. మూడింతలైతే తొమ్మిదో వంతు.

చంద్రుడిది ఒక్క గరిటె పిండి అనుకుంటే భూమిది 81 గరిటెలు. చంద్రుడు లాగడం వల్ల భూమి కూడా నెలకోసారి కొద్దిగా ఊగుతుంది. ఆ ఊపును కొలిచే ఈ 81 రాబట్టారు. భూమి వ్యాసార్ధం 6371 కిలోమీటర్లు, చంద్రుడిది 1737. భాగిస్తే 3.67. దాన్ని దానితోనే గుణిస్తే 13.5. అంటే మన పెనం 13.5 రెట్లు పెద్దది. 81ని 13.5తో భాగించండి: మన అట్టు 6 రెట్లు మందం! ఇక్కడ జారిపడే వస్తువు వేగం ప్రతి సెకనుకూ 9.8 మీటర్ల చొప్పున పెరుగుతుంది. దాన్ని ఆరుతో భాగిస్తే 1.63. కొలిచి చూస్తే 1.62.

పై తరగతుల్లో గురుత్వ స్థిరాంకాన్ని ద్రవ్యరాశితో గుణించి వ్యాసార్ధ వర్గంతో భాగిస్తారు. కిలోమీటర్లను మీటర్లు చేయడం మరిచారో, జవాబు పది లక్షల రెట్లు ఉబ్బుతుంది. వ్యాసార్ధం బదులు వ్యాసం వేస్తే నాలుగో వంతుకు పడిపోతుంది. మన అట్ల లెక్కలో మొదటి బెడద లేదు, రెండు గోళాలకూ ఒకే కొలత వాడితే చాలు.

శనిగ్రహం చూడండి. పిండి భూమికి 95 రెట్లు, పెనం వెడల్పేమో 9.45 రెట్లు. అంత పిండీ పలచబడి మన అట్టు కంటే కాస్తే మందం! నిలబడడానికి అక్కడ నేలే లేదనుకోండి, ఇది మబ్బుల పైఅంచు దగ్గరి లెక్క.

ఇంకొకటి. చంద్రుడి మీదికి రెండు పళ్లేల తక్కెడ పట్టుకెళితే ఆ పిల్లాడు 30 కిలోలే తూగుతాడు, ఎందుకంటే రాళ్లూ అంతే తేలికవుతాయి. 5 చూపేది స్ప్రింగు కాటా.

అంగారకుడిది మీరే చేయండి. పిండి భూమిలో 0.107 వంతు, వ్యాసార్ధం 0.53 వంతు. వచ్చినదాన్ని 9.8తో గుణిస్తే 3.7 దగ్గర రావాలి. 2 దగ్గర వస్తే వ్యాసార్ధంతో ఒక్కసారే భాగించారన్నమాట, మళ్లీ చేసి పంపండి.

మీ తాతయ్య