మిర్రర్‌లెస్సా, జేబు కెమెరానా? కొనేముందు వదిలించుకోవలసిన అపోహలు

ఆషాఢం రాగానే పెళ్లిళ్లు ఆగుతాయి, నాకు ఫోన్లు మొదలవుతాయి. ఇంట్లో పాప పుట్టిందని ఒకరు, అబ్బాయిని చూడటానికి డల్లాస్ వెళుతున్నామని ఇంకొకరు, కాశీయాత్ర అని మరొకరు. అందరి ప్రశ్నా ఒకటే: "మిర్రర్‌లెస్ తీసుకోమంటారా, జేబులో పట్టే చిన్న కెమెరా సరిపోతుందా?" 18 ఏళ్లుగా గోదావరి జిల్లాల్లో పెళ్లి ఫొటోలు తీస్తున్నాను. రెండు రకాలూ నా సంచిలో ఉన్నాయి, రెండింటితోనూ అన్నం తిన్నాను. ఏ లెన్సు వాడతారో ముందు తేల్చుకుంటే ఏ కెమెరా కొనాలో దాదాపు తేలిపోయినట్టే. దుకాణంలో మాత్రం ఈ వరుస తిరగబడుతుంది. బాడీ (లెన్సు కాకుండా మిగిలిన కెమెరా) గురించి అరగంట మాట్లాడతారు, లెన్సును పెట్టెతో పాటు వచ్చే కొసరు వస్తువులా చేతిలో పెడతారు. కింద రాసిన అపోహల్లో సగం అక్కడే పుడతాయి.

అపోహ: మిర్రర్‌లెస్ అంటే ఒక నాణ్యత స్థాయి, కాంపాక్ట్ (జేబు కెమెరా) దానికి కింది మెట్టు

ఆ మాటకు అద్దం లేనిదని అర్థం, అంతే. పాత డీఎస్ఎల్ఆర్‌లో లెన్సు వెనక 45 డిగ్రీల వాలుతో ఒక అద్దం ఉండేది. బొమ్మను పైన కన్ను పెట్టి చూసే వ్యూఫైండర్‌కు పంపేది, బటన్ నొక్కగానే టక్కున పైకి లేచేది. 2008లో పానాసోనిక్ జీ1 ఆ అద్దాన్ని తీసేసి, లెన్సు మార్చుకునే వీలును మాత్రం ఉంచింది. అద్దం తిరిగే చోటు మిగిలిపోవడంతో లెన్సు, బొమ్మను పట్టే సెన్సర్‌కు దగ్గరగా జరిగింది. నికాన్‌లో 46.5 మిల్లీమీటర్ల దూరం 16కు, కెనాన్‌లో 44 మిల్లీమీటర్ల దూరం 20కి తగ్గింది. కెమెరా అలా పలచబడింది.

కాంపాక్ట్‌లోనూ అద్దం లేదు, మీ ఫోనులోనూ లేదు. అసలు తేడా ఏమిటంటే ఒకదానికి లెన్సు ఊడుతుంది, రెండోదానికి ఊడదు. మిగతా మాటలన్నీ ఈ ఒక్కదాని చుట్టూ తిరిగేవే.

అపోహ: సెన్సర్ పెద్దది కాబట్టి చీకట్లో మిర్రర్‌లెస్ ఎప్పుడూ గెలుస్తుంది

ఎక్కువ మంది డబ్బు వృథా అయ్యేది ఇక్కడే. అందుకే దీన్ని లెక్క వేసి చూపిస్తాను.

మన దగ్గర ఎక్కువగా అమ్ముడుపోయే మిర్రర్‌లెస్‌లలో ఏపీఎస్-సీ అనే కొలత సెన్సర్ ఉంటుంది. సోనీ ఏ6400ను తీసుకుంటే దాని సెన్సర్ సుమారు 23.5 × 15.6 మి.మీ., అంటే 367 చదరపు మిల్లీమీటర్లు. కెనాన్ జీ7ఎక్స్ మార్క్ 3 వంటి మంచి కాంపాక్ట్‌లో ఉండేది 13.2 × 8.8 మి.మీ., అంటే 116. మూడు రెట్లకు పైగా తేడా. ఇంతవరకు దుకాణదారు చెప్పింది అక్షరాలా నిజం.

ఇప్పుడు లెన్సు చూడండి. ఎఫ్ పక్కనున్న అంకె ఎంత చిన్నదైతే లెన్సు అంత ఎక్కువ వెలుతురును లోపలికి వదులుతుంది. ఏ6400తో పెట్టెలో వచ్చే 16-50 కిట్ లెన్సు వెడల్పు కోణంలో ఎఫ్/3.5, దగ్గరకు లాగితే ఎఫ్/5.6. ఆ కాంపాక్ట్ లెన్సు ఎఫ్/1.8 నుంచి ఎఫ్/2.8. ఎఫ్/5.6కూ ఎఫ్/2.8కూ మధ్య రెండు స్టాపుల (ఒక్కో స్టాపుకు వెలుతురు రెట్టింపు) దూరం. అంటే సెన్సర్ మీద ప్రతి చదరపు మిల్లీమీటరుకూ నాలుగు రెట్లు వెలుతురు. సెన్సర్ మూడు రెట్లు చిన్నది, దాని మీద పడే వెలుతురు నాలుగు రెట్లు చిక్కనిది. మొత్తం కూడితే జేబు కెమెరాకు అందిన వెలుతురే కాస్త ఎక్కువ. వెడల్పు కోణంలో లెక్క వేసినా ఫలితం అదే. సంధ్యవేళ గోదావరి గట్టు మీద రెండింటితోనూ ఒకే ఫొటో తీసి పక్కపక్కన పెడితే, గింజల్లాంటి మచ్చలు చూసి ఏది దేనితో తీసిందో చెప్పడం కష్టం.

అదే బాడీకి సిగ్మా 56 మి.మీ. ఎఫ్/1.4 లెన్సు బిగించండి. ఇప్పుడు లెన్సు వైపు నుంచి నాలుగు రెట్లు, సెన్సర్ వైపు నుంచి మూడు రెట్లు కలిసి, అదే కోణంలో కాంపాక్ట్ కంటే పన్నెండు రెట్ల పైన వెలుతురు. బిడ్డ కనురెప్పలు స్పష్టంగా ఉండి, వెనక ఊయల తాళ్లు, ఆ వెనక గోడ మీది క్యాలెండర్ మెత్తగా కరిగిపోయే ఫొటో ఇలాంటి లెన్సుతోనే వస్తుంది. జేబు కెమెరా దాన్ని ఇవ్వలేదు. ఫోను లెక్కలు వేసి అలా నటిస్తుంది గానీ ముంగురుల దగ్గర దొరికిపోతుంది.

కాబట్టి ఫోన్ చేసిన ప్రతివారినీ ఒకటే అడుగుతాను: "ఏడాదిలోపు రెండో లెన్సు కొంటారా?" కొంటామంటే మిర్రర్‌లెస్ తీసుకోండి. కిట్ లెన్సుతోనే ఉండిపోతామంటే, మూడు రెట్ల సెన్సర్‌కు డబ్బు కట్టి దాన్ని కిట్ లెన్సు దగ్గర పోగొట్టుకున్నట్టే. మాకు తెలిసిన ఒక ఉపాధ్యాయ దంపతులు కాకినాడలో ఇలాగే బాడీ, కిట్ లెన్సు కొన్నారు. నాలుగేళ్లలో లెన్సు ఒక్కసారీ ఊడదీయలేదు. వాళ్లు కెమెరాను ప్రేమగా వాడారు, మంచి ఫొటోలూ తీశారు. కానీ వాళ్ల వాడకానికి కావలసింది 300 గ్రాముల కాంపాక్ట్. ఆ సంగతి కొనకముందే ఎవరైనా చెప్పి ఉండవలసింది.

అపోహ: "1 ఇంచ్ సెన్సర్" అంటే అంగుళం ఉంటుంది

ఉండదు. దాని పొడవే 13.2 మి.మీ., మూల నుంచి మూలకు కొలిచినా 16 మి.మీ.కు మించదు. అంగుళం అంటే 25.4. పాత టీవీ కెమెరాల్లో వాడిన గాజు గొట్టం బయటి వ్యాసం అంగుళం ఉండేది, లోపల బొమ్మ పడే చోటు మాత్రం ఇంతే. గొట్టాలు పోయాయి, పేరు ఉండిపోయింది. 1/2.3 ఇంచ్ అని రాసి ఉన్నా ఇదే తంతు: అది 6.2 × 4.6 మి.మీ., కందిగింజ కంటే పెద్దదేమీ కాదు. పెట్టె మీది అంగుళాల్ని వదిలేసి మిల్లీమీటర్లు అడగండి.

అపోహ: ఆల్బమ్ వేయాలంటే 20 మెగాపిక్సెల్ చాలదు

20 మెగాపిక్సెల్ ఫొటో 5,472 × 3,648 చుక్కలు. అంగుళానికి 300 చుక్కల చొప్పున ముద్రిస్తే సుమారు 18 × 12 అంగుళాలు. మన పెళ్లి ఆల్బమ్‌లో ఒక పుట నిండుగా అంతే. రెండు పుటలు కలిపి పరిచే 12 × 36 బొమ్మకు కూడా చేతిదూరంలో చూసేవారికి లోటు తెలియదు. ఈ అంకె కోసం ఒక్క రూపాయి కూడా ఎక్కువ పెట్టకండి.

అపోహ: చిన్న కెమెరా ఆటబొమ్మ, వృత్తివాళ్లు ముట్టుకోరు

హైదరాబాదులో ఆరో నిజాం కాలంలో రాజా దీన్ దయాళ్ గాజు పలకల మీద, మూడు కాళ్ల స్టాండు మీద నిలబెట్టిన పెద్ద కెమెరాతో పనిచేశారు. అప్పటికి అదే దారి. ఆ తర్వాత జర్మనీలో ఆస్కార్ బర్నాక్ అనే ఇంజనీరు, ఉబ్బసంతో బాధపడుతూ, అంత బరువు మోయలేక సినిమా ఫిల్ముతో పనిచేసే చేతి కెమెరా తయారు చేశారు. 1925లో అది లైకా పేరుతో బజారుకు వచ్చింది. ఈరోజు మనం "ఫుల్ ఫ్రేమ్" అని గౌరవంగా పిలిచే 36 × 24 మి.మీ. కొలత ఆ జేబు కెమెరాదే. నా మటుకు చిన్న కెమెరాను చిన్నచూపు చూసే హక్కు ఫొటోగ్రాఫర్లలో ఎవరికీ లేదు.

పనిలోనూ దానికి సొంత బలాలున్నాయి. ఇలాంటి చాలా కాంపాక్ట్‌లలో షట్టర్, అంటే వెలుతురును లోపలికి వదిలి ఆపే మూత, లెన్సులోనే ఉంటుంది. పూవు రేకుల్లా విచ్చుకుని మూసుకుంటుంది. మిర్రర్‌లెస్‌లో షట్టర్ సెన్సర్ ముందు తెరలా కదులుతుంది. దీనివల్ల వచ్చే తేడాలు మంటపంలో స్పష్టంగా తెలుస్తాయి. ఒకటి, చప్పుడు లేదు. ఉపనయనంలో తండ్రి బిడ్డ చెవిలో గాయత్రి చెబుతున్నప్పుడు అడుగు దూరంలో నిలబడి తీశాను, ఇద్దరూ తలెత్తలేదు. రెండు, ఫ్లాష్. తెర షట్టర్‌తో మామూలు ఫ్లాష్ సెకనులో 160 నుంచి 250వ వంతు దగ్గరే ఆగిపోతుంది. రేకుల షట్టర్ వెయ్యో వంతులో కూడా ఫ్లాష్‌తో కలిసి పనిచేస్తుంది. మిట్టమధ్యాహ్నం ఆరుబయట పెళ్లికూతురి కళ్ల కింద పడే నీడను పోగొట్టడానికి ఆ బుల్లి ఫ్లాష్ చాలు, మీరు దగ్గరగా నిలబడితే.

మూడోది ఫంక్షన్ హాలు లైట్లు. మన కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి చవక ఎల్ఈడీలు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి. చప్పుడు వద్దని మిర్రర్‌లెస్‌లో ఎలక్ట్రానిక్ షట్టర్ పెడితే, బొమ్మను వరుస వరుసగా చదివేలోపు వెలుగు మారిపోయి ఫొటో మీద నల్లటి అడ్డగీతలు పడతాయి. నా కెమెరాలో ఒకసారి జీలకర్ర-బెల్లం ఘట్టమంతా ఇలా చారలు పడింది. పక్కనున్న రెండో కెమెరా దక్కించింది. రేకుల షట్టర్‌తో చారలు పడవు, మహా అయితే ఒక ఫొటోకూ ఇంకోదానికీ వెలుతురు కాస్త మారుతుంది. ఏ కెమెరా అయినా సరే, ఆ లైట్ల కింద షట్టర్ వేగాన్ని సెకనులో 50వ వంతు లేదా 100వ వంతు దగ్గర పెట్టండి.

అలాగని ముహూర్తం వేళ నా చేతిలో ఉండేది మిర్రర్‌లెస్సే. తలంబ్రాల వానలో కళ్లను వెతికి పట్టుకునే ఫోకస్, రెండు కార్డుల్లో ఒకేసారి రాసే భద్రత వదులుకోలేను.

అపోహ: మిర్రర్‌లెస్ కూడా చిన్నదే, ఎక్కడికైనా వెంట వస్తుంది

బాడీ చిన్నదే. ఏ6400 సుమారు 400 గ్రాములు, కిట్ లెన్సుతో 520. చేతికి తేలికగానే ఉంటుంది. అయితే బరువు కన్నా మందం ముఖ్యం. లెన్సు ముందుకు పొడుచుకు రావడంతో జేబులో దూరదు, దాంతో సంచి కావాలి. సంచి అనగానే "ఈపూటకు వద్దులే" అనే మాట వస్తుంది. కాంపాక్ట్‌లలో సోనీ ఆర్‌ఎక్స్100 మొదటి రకం 240 గ్రాములు. రికో జీఆర్3 అయితే ఏపీఎస్-సీ సెన్సర్‌నే 257 గ్రాముల్లో, మూడు సెంటీమీటర్లకు కాస్త మించిన మందంలో ఇమిడ్చింది. జూమ్ లేదు, ఫ్లాష్ లేదు, బ్యాటరీ 200 ఫొటోలకే అయిపోతుంది. అయినా తెల్లవారుజామున రైతుబజారుకు కూరగాయలకు వెళ్లేటప్పుడు నా జేబులో ఉండేది అదే.

లేపాక్షి నాట్యమంటపం పైకప్పు చిత్రాలు చూడటానికి వెళ్లినప్పుడు కూడా ఇదే అనుభవం. కుడ్యచిత్రాల దగ్గర ఫ్లాష్ వేయకూడదు, ట్రైపాడ్ తీసుకెళ్లాలంటే ముందు అనుమతి కావాలి. చేతితోనే, ఊపిరి బిగబట్టి, తల పైకెత్తి తీయాలి. తేలికైన కెమెరా, వెడల్పాటి ఎపర్చర్ (చిన్న ఎఫ్ అంకె ఉన్న లెన్సు) అక్కడ అక్కరకొస్తాయి.

అపోహ: లెన్సు ఊడదు కాబట్టి కాంపాక్ట్‌లోకి దుమ్ము పోదు

పోతుంది. ఆన్ చేసినప్పుడల్లా బయటికి జరిగే లెన్సు గొట్టం, సైకిల్ పంపులా గాలిని లోపలికి లాగుతుంది. ఆ గాలితో దుమ్మూ వెళుతుంది. మిర్రర్‌లెస్‌లో సెన్సర్ మీద మచ్చ పడితే లెన్సు తీసి రబ్బరు బ్లోయర్‌తో ఊదుకోవచ్చు. కాంపాక్ట్‌నైతే మొత్తం విప్పాలి, అంటే సర్వీసు సెంటరుకు పంపడమే. సముద్రతీరంలో ఇసుక గాలికి, హోలీ రంగుల్లోకి దాన్ని తీసుకెళ్లకండి.

బూజు మాత్రం రెండింటికీ సమాన శత్రువు. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వంటి తీరం ఊళ్లలో కెమెరాను తోలు సంచిలో పెట్టి బీరువాలో దాచడం కంటే కీడు లేదు. మూత గట్టిగా పడే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు, తేమ చూపే చిన్న మీటరు పెట్టుకుని, తేమ 40-50 శాతం మధ్య ఉండేలా చూసుకోండి. వారానికోసారి తీసి వాడండి.

అపోహ: ఏ కాంపాక్ట్ అయినా ఫోను కంటే మేలే

ఇది నిజం కాదు, చవకవాటి విషయంలో అయితే అసలే కాదు. 1/2.3 ఇంచ్ సెన్సర్ ఉన్న కెమెరా కంటే నేటి మంచి ఫోనుల్లోని ప్రధాన సెన్సరే పెద్దది, పైగా ఫోను పది ఫ్రేములు కలిపి ఒక ఫొటో చేస్తుంది. ఆ చిన్న కెమెరాకు మిగిలిన ఒకే ఒక బలం లెన్సును నిజంగా జరిపే జూమ్. పక్షుల కోసమో, స్కూలు స్టేజీ మీది పాప కోసమో అది కావాలనుకుంటే కొనండి. ఈమధ్య పిల్లలు "పాత సీసీడీ (పాతకాలపు సెన్సర్ రకం) కెమెరాలో రంగులు వేరు" అంటూ పదిహేనేళ్ల నాటివి వెతికి కొంటున్నారు. ఆ రంగులు సీసీడీ వల్ల వచ్చినవి కావు. సెన్సర్ మీది రంగు వడపోతలు, కెమెరా లోపలి లెక్కలు, ముఖం మీద సూటిగా పడే ఫ్లాష్ కలిసి తెచ్చినవి. వాళ్లకు నచ్చితే తప్పేమీ లేదు, ధర మాత్రం చూసుకోవాలి.

అపోహ: ఖరీదైన బాడీ కొంటే పదేళ్లు చూసుకోనక్కరలేదు

పదేళ్లు నిలిచేది లెన్సు. కెనాన్ 1987లో మొదలుపెట్టిన ఈఎఫ్ లెన్సులు ఈనాటి ఆర్ఎఫ్ మిర్రర్‌లెస్ బాడీల మీద అడాప్టర్‌తో ఆటోఫోకస్ సహా పనిచేస్తున్నాయి. ఆ మధ్యలో ఎన్ని బాడీలు వచ్చి పోయాయో లెక్కలేదు. బడ్జెట్ ఒకటే అయితే, ఒక మెట్టు తక్కువ బాడీ, ఒక మెట్టు ఎక్కువ లెన్సు. నా దగ్గర నేర్చుకున్న కుర్రవాళ్లందరికీ ఇదే చెబుతాను. ఇలాంటి పెరుగుదల కాంపాక్ట్‌లో ఉండదు, కొన్నరోజు ఎంతో చివరికీ అంతే. పాప కోసం కొనేవారిని మిర్రర్‌లెస్ వైపు, డల్లాస్ వెళ్లే పెద్దవాళ్లను కాంపాక్ట్ వైపు నేను తోయడానికి కారణం ఇదే. పాప పెరుగుతుంది, ఇంట్లోంచి స్కూలు మైదానానికి వెళుతుంది, లెన్సు మారవలసి వస్తుంది. యాత్ర ఆరు వారాల్లో ముగుస్తుంది.

దుకాణానికి వెళ్లేటప్పుడు మీ సొంత మెమరీ కార్డు తీసుకెళ్లండి. షోరూములో వెలుగులు దగదగలాడే బల్ల దగ్గర తీయకండి, మెట్ల కిందో స్టోర్ గది వైపో చీకటి మూల చూసుకోండి. రెండు కెమెరాలతోనూ, మీరు నిజంగా కొనబోయే లెన్సుతోనే, జూమ్ ఇటు చివర ఒకటి, అటు చివర ఒకటి తీయండి. వెంట వచ్చిన మనిషిని నడవమని చెప్పి ఇంకో నాలుగు. తర్వాత జేబులో పెట్టుకుని, కూర్చుని, లేచి చూడండి. ఆరోజు కొనకండి. ఇంటికెళ్లి కంప్యూటర్‌లో చూసుకుని, మరునాడు వెళ్లండి.