టైటానియాకు క్వాంటమ్ చుక్కల తోడు

టైటానియం డయాక్సైడ్ (టైటానియా) ఎలక్ట్రోడు మీద అతినీలలోహిత కాంతి పడితే నీరు హైడ్రోజన్, ఆక్సిజన్‌లుగా విడిపోతుందని 1972లో అకీరా ఫుజిషిమా, కెనిచి హోండా చూపించారు. ఈ తెల్లని పొడి చవక, విషం కాదు, నీటిలో చెక్కుచెదరదు. అయినా ఎండలో ఎక్కువ భాగం దీనికి అక్కరకు రాదు. ఇందులోని ఎలక్ట్రాన్‌ను కదిలించాలంటే దాదాపు 3.2 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి కావాలి. అంత శక్తి గల అతినీలలోహిత కిరణాలు నేలను చేరే సూర్యకాంతిలో 5 శాతం లోపే.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఎలక్ట్రాన్ పైకి లేచినప్పుడు దాని చోట ధనావేశపు ఖాళీ ఏర్పడుతుంది. దాన్నే హోల్ అంటారు. రెండూ ఉపరితలానికి చేరితేనే రసాయన చర్య సాగుతుంది. చాలా జంటలు దారిలోనే తిరిగి కలిసిపోతాయి, పట్టిన శక్తి వేడిగా పోతుంది.

క్వాంటమ్ డాట్లు, అంటే క్వాంటమ్ చుక్కలు, కొన్ని నానోమీటర్ల అర్ధవాహక స్ఫటికాలు. వీటిని కనుగొని, తయారీని తీర్చిదిద్దినందుకు బవెండి, బ్రూస్, ఎకిమోవ్‌లకు 2023లో రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది. వీటి విశేషమంతా పరిమాణంలోనే ఉంది. కాడ్మియం సెలినైడ్ పెద్ద స్ఫటికంలో శక్తి అంతరం, అంటే ఎలక్ట్రాన్‌ను కదిలించడానికి కావలసిన శక్తి, సుమారు 1.7 ఎలక్ట్రాన్ వోల్టులు. అదే పదార్థం రెండున్నర నానోమీటర్ల నలుసైతే అది 2.3 దాటుతుంది.

అలాంటి నలుసులను టైటానియా మీద అతికిస్తే కంటికి కనిపించే కాంతిని అవి పట్టుకుంటాయి. ఎలక్ట్రాన్ తక్కువ శక్తి స్థాయి ఉన్న టైటానియాలోకి జారుతుంది, హోల్ నలుసులోనే ఉండిపోతుంది. జంట విడిపోయింది కాబట్టి తిరిగి కలవడం కష్టం. నలుసు చిన్నదయ్యేకొద్దీ ఈ జారుడు వేగం పుంజుకుంటుంది. 2007లో రసాయన శాస్త్రవేత్త ప్రశాంత్ కామత్ బృందం కొలిచినప్పుడు 7.5 నానోమీటర్ల నలుసుకూ 2.4 నానోమీటర్ల నలుసుకూ మధ్య తేడా సుమారు వెయ్యి రెట్లు! కానీ అంత చిన్న నలుసు ఎరుపు, పసుపు రంగుల కాంతిని వదిలేస్తుంది. వేగం కావాలంటే వెలుగులో కొంత వదులుకోవాలి.

నన్నడిగితే అసలు తలనొప్పి ఆ మిగిలిపోయిన హోల్. వెంటనే తొలగించకపోతే అది కాడ్మియం సల్ఫైడ్ వంటి నలుసులోని సల్ఫైడ్‌నే ఆక్సీకరిస్తుంది, కాడ్మియం నీటిలోకి కరుగుతుంది. చాలా ప్రయోగాల్లో సల్ఫైడ్, సల్ఫైట్ లవణాలను బలి ఇచ్చి హోల్‌ను సరిపెడతారు. హైడ్రోజన్ బాగానే వస్తుంది, లవణాలూ ఖర్చవుతాయి. దాన్ని నీటి విచ్ఛేదన అనడం అతిశయమే.

జింక్ సల్ఫైడ్ పొర కప్పితే నలుసుకు రక్షణ దొరుకుతుంది. అయితే పొర మందమైతే ఆవేశాలు బయటికి రాలేవు. కాడ్మియం లేని కార్బన్ చుక్కలకు విషం బెడద తక్కువే, కానీ వాటి రంగును పరిమాణంతో పాటు ఉపరితలానికి అంటిన రసాయన సమూహాలూ శాసిస్తాయి. అందుకే ఒక విడతలో తయారైన సరుకు మరో విడతతో సరిపోలేలా చేయడమే అక్కడ పెద్ద పని.