నిమిరే చేతికి ఎంత వేగం ఉండాలి?

డల్లాస్‌లో ఉన్న మా మేనకోడలు మొన్న ఫోన్ చేసి, "మావయ్యా, కంఫర్ట్ చెయ్యడాన్ని తెలుగులో ఏమంటారు?" అంది. వాళ్ళ ఆరేళ్ళ పిల్లకి ఆదివారం తెలుగు బళ్ళో పదాలు రాసుకు రమ్మన్నారట. ఊరట అని రాయించబోతే ఎందుకో నప్పలేదట.

నప్పదు మరి. ఊరట మనకి కలుగుతుంది, దక్కుతుంది. బెయిలొస్తే ఊరట, పన్ను తగ్గితే ఊరట. పేపర్లవాళ్ళకి ఈ మాట లేకపోతే పూట గడవదు. ఊరట కోర్టు కాయితమైనా ఇస్తుంది, వానజల్లైనా ఇస్తుంది. ఓదార్చడానికి మాత్రం పక్కన ఓ మనిషి కూచోవాలి. 2010లో జగన్ ఓదార్పు యాత్ర చేసినప్పటి నుంచీ ఈ మాట వింటే కొందరికి కాన్వాయ్ గుర్తొస్తుంది గానీ, ఆ ఫొటోల్లోనూ ముందు కనిపించేది తలమీద చెయ్యే.

మా తాతయ్య పోయినరోజు వచ్చినవాళ్ళందరూ అమ్మమ్మకి ఏదో ఒకటి చెబుతున్నారు. పెద్దమ్మ ఒక్కతే ఏమీ అనలేదు. వెనక చాపమీద కూచుని, మెడ దగ్గర చెయ్యి వేసి, నడుం దాకా తెచ్చి, మళ్ళీ మెడ దగ్గర మొదలుపెట్టింది. అలా ఎంతసేపో. దీన్నే నిమరడం అంటాం. చేత్తో చేసే పనులకి మనకి ఎన్ని క్రియలో చూడండి: రుద్దడం, తడమడం, తట్టడం, గోకడం, దువ్వడం. (కాలు దువ్వితే మాత్రం తగాదా.) రుద్దడానికీ నిమరడానికీ తేడా బలంలోనే కాదు, వేగంలో కూడా ఉంది. ఆ వేగాన్ని సెంటీమీటర్లలో కొలిచారు!

బళ్ళో మనకి చర్మం అంటే స్పర్శేంద్రియం అని ఒక్క ముక్క చెప్పి నాలిక మీదికి వెళ్ళిపోయారు. అసలు సంగతి ఆ ముక్క దగ్గరే ఉంది. స్పర్శని మోసే నాడులు ఒక్క రకం కావు. మైలిన్ అనే కొవ్వు తొడుగున్న లావుపాటి తంతువుల్లో కబురు సెకనుకి 50 మీటర్ల వేగంతో పోతుంది. తొడుగులేని సన్నటివి ఇంకోరకం, సీ-టాక్టైల్ తంతువులు. వీటి వేగం సెకనుకి సుమారు ఒక్క మీటరు, మన నడకంత. 1939లో స్వీడన్‌కి చెందిన శాస్త్రవేత్త జోటర్‌మన్ పిల్లుల్లో వీటిని గుర్తించాడు. మనుషుల్లోనూ ఉన్నాయని తేలడానికి మరో యాభై ఏళ్ళు పట్టింది.

ముంజేతి నుంచి వెన్నుపాముకి ముప్పాతిక మీటరు అనుకోండి. లావు తంతువు కబురు సెకనులో అరవయ్యో వంతుకే చేరిపోతుంది. సన్నదాని కబురుకి ముప్పావు సెకను పడుతుంది. చెయ్యి పడిందని ముందు తెలుస్తుంది, హాయి తాపీగా వెనకాల వస్తుంది.

2009లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ పరిశోధకులు మైక్రోన్యూరోగ్రఫీతో, అంటే చర్మంలోంచి నాడిలోకి సన్నటి సూది దింపి ఒక్కొక్క తంతువు చప్పుడూ వింటూ, ముంజేతి మీద మెత్తటి కుంచెని యంత్రంతో నడిపించారు. సెకనుకి 0.1 సెంటీమీటరు మొదలుకొని 30 దాకా. లావు తంతువులు వేగం పెరిగేకొద్దీ ఎక్కువ మోగాయి. సీ-టాక్టైల్ తంతువులు అలా కాదు: 1 నుంచి 10 మధ్యలోనే గట్టిగా మోగి, అటూ ఇటూ తగ్గిపోయాయి. గ్రాఫ్ గీస్తే బోర్లించిన గిన్నె. "ఎంత బాగుంది?" అని మనుషుల్ని అడిగి గీసిన గ్రాఫ్ కూడా అదే గిన్నె! మరీ నెమ్మదైతే చీమ పాకినట్టు, మరీ వేగమైతే ఒళ్ళు తోమినట్టు. మధ్యలోదే నిమరడం.

లావు తంతువులు దెబ్బతిని, వాటి ద్వారా తెలియాల్సిన స్పర్శ పోయిన ఒకావిడని 2002లో పరీక్షించారు. కుంచెతో నిమిరితే ఏదో లీలగా, హాయిగా ఉందంది. మెదడులో స్పర్శ పటం ఉండే కార్టెక్స్ ఉలకలేదు, భావాల్ని పట్టించుకునే ఇన్సులా అనే భాగం మాత్రం స్పందించింది.

ఈ తంతువులు రోమాలుండే చర్మంలోనే దండిగా ఉంటాయి, అరచేతిలో బాగా అరుదు. అంటే నిమిరే చేతిలో లేనిది నిమిరించుకునే వీపులో ఉందన్నమాట. పిల్లాడు జడుసుకున్నాడని వేపమండతో తలనుంచి పాదాల దాకా మెల్లగా తుడిచే తాతలున్నారే, వాళ్ళ మంత్రం మీద నాకు కాణీ నమ్మకం లేదు. ఆ మండ కదిలే వేగం చూస్తే మాత్రం వాచీ తియ్యాలనిపిస్తుంది.

ఈ వేగం ఎవరూ నేర్పక్కర్లేదు. కృత్రిమ చేతిని నిమరమంటే గబగబా కానిచ్చేసినవాళ్ళే, కన్నబిడ్డ దగ్గరికొచ్చేసరికి తమకి తెలియకుండానే నెమ్మదించారని 2016 నాటి ప్రయోగంలో తేలింది. మన చేతిని మనమే నిమురుకుంటే ఆ రుచి రాదు: కదిలేది తన చెయ్యే కాబట్టి మెదడు స్పర్శని ముందే ఊహించి, దాని జోరు తగ్గించేస్తుంది.

ఇదంతా చెప్పాక, ఓదార్చు అని రాయించమన్నాను. "మరి పొద్దస్తమానం ఏసీలో ఉండి నా చేతులు గడ్డకట్టి ఉంటాయిగా మావయ్యా?" అంది. మంచి ప్రశ్నే. ఆ తంతువులు బాగా మోగేది చర్మమంత వెచ్చగా, 32 డిగ్రీల దగ్గర తాకినప్పుడు. చల్లబడ్డా, వేడెక్కినా తగ్గిపోతాయి. అరచేతులు రెండూ ఓసారి గట్టిగా రుద్దుకుని అప్పుడు పిల్లమీద వెయ్యమన్నాను.