రేవులో ఉన్న ఓడకే పని ఎక్కువ

చిరంజీవులైన పిల్లలకు,

ఆశీస్సులు. జెట్టీకి కట్టిన యుద్ధనౌక వారాల తరబడి కదలకుండా నిలబడి ఉంటే అందులోని అధికారులకు అంత పనేముంటుంది, ఇంటికి రాత్రి తొమ్మిది దాటాక ఎందుకు వస్తారు, ఆదివారం కూడా యూనిఫాం ఎందుకు వేసుకుంటారు అని మీలో చాలామంది అడుగుతుంటారు. విశాఖపట్నంలో నౌకాదళ కుటుంబాల్లో పెరిగే పిల్లలందరూ ఏదో ఒక వయసులో అడిగే ప్రశ్నే ఇది. నౌకాదళంలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి కాబట్టి కాస్త వివరంగానే జవాబు రాస్తున్నాను. సముద్రంలో ఉన్నప్పుడు అధికారికి పని కష్టంగానే ఉంటుంది గాని దానికి ఒక క్రమం ఉంటుంది. దీర్ఘయాత్రకు ముందు రేవులో ఉన్నప్పుడు కష్టమూ ఉంటుంది, క్రమమూ ఉండదు. బయలుదేరే తేదీ కదలదు. ఆ తేదీలోగా పూర్తికావలసిన పనుల్లో సగం ఇతరుల చేతుల్లో ఉంటాయి.

తేదీ ఎందుకు కదలదో ముందు చెబుతాను. హిందూ మహాసముద్రంలోని ముఖ్యమైన దారుల దగ్గర ఎప్పుడూ మన ఓడ ఏదో ఒకటి ఉండేలా నౌకాదళం 2017 నుంచి ఏర్పాటు చేసుకుంది. ఏడెన్ గల్ఫ్‌లో సముద్రపు దొంగల నుంచి సరుకు ఓడలను కాపాడే పని అంతకంటే ముందు, 2008లోనే మొదలయింది. ఇలాంటి కాపలాలో ఒక ఓడ వెళ్ళి మరొక ఓడను కాపలా బాధ్యత నుంచి విడిపించాలి. మనం పది రోజులు ఆలస్యంగా బయలుదేరితే, ఇంటికి రావడానికి ఎదురుచూస్తున్న మరో రెండువందల మంది పది రోజులు అక్కడే ఆగిపోతారు. అందుకే కెప్టెన్ వారం గడువు అడగవలసి వస్తే మొహమాటపడతాడు, చాలాసార్లు అడగనే అడగడు.

మనకు తెలిసిన ఓడనే ఉదాహరణగా తీసుకుందాం. తూర్పు నౌకాదళానికి చెందిన సహ్యాద్రి 2012లో సేవలో చేరిన ఫ్రిగేట్ తరగతి యుద్ధనౌక. పొడవు 142 మీటర్లు, పూర్తి బరువుతో ఆరువేల టన్నులకు పైమాటే. నెమ్మదిగా సాగడానికి డీజిల్ ఇంజన్లు, వేగంగా పరుగెత్తడానికి గ్యాస్ టర్బైన్లు ఉంటాయి. ఇలాంటి ఓడ తన కరెంటు తానే తయారుచేసుకోవాలి, సముద్రపు నీటిని మంచినీరుగా మార్చుకోవాలి, జబ్బుపడినవాళ్ళకు తానే వైద్యం చేసుకోవాలి. వీటిలో ఏది ఆగిపోయినా పిలవగానే వచ్చే మెకానిక్కు నడిసముద్రంలో దొరకడు కాబట్టి, ఆగిపోగల ప్రతిదాన్నీ రేవులోనే పరీక్షించాలి.

ఇంజనీరింగ్ అధికారి, ఎలక్ట్రికల్ అధికారి ముందుగా ఓడలను మరమ్మతు చేసే డాక్‌యార్డ్‌కు లోపాల జాబితా ఇస్తారు. కారుతున్న వాల్వు, ఎక్కువగా వేడెక్కుతున్న పంపు, సరిగా తిరగని రాడార్ యాంటెన్నా వంటివి అందులో ఉంటాయి. అదే డాక్‌యార్డ్ దగ్గర అప్పటికే మరికొన్ని ఓడల జాబితాలు ఉంటాయి. ఒక పంపును విప్పాలంటే దానికి అడ్డంగా ఉన్న పైపులు తీయాలి. పైపులు తీస్తే మరొక యంత్రాన్ని ఆపాలి. ఆ యంత్రం ఆగితే పక్క గదిలో జరుగుతున్న పరీక్ష ఆగిపోతుంది. ఏది ముందు, ఏది వెనుక అన్నది ప్రతి ఉదయం అధికారులు కూర్చుని తేల్చుకుంటారు. సాయంత్రానికి అది మారిపోతుంది. మరమ్మతు అయ్యాక రేవులో ఒకసారి నడిపి చూస్తారు, తరువాత సముద్రంలోకి తీసుకెళ్ళి పూర్తివేగంతో పరీక్షిస్తారు. అక్కడ ఏదైనా మొరాయిస్తే మళ్ళీ జెట్టీకి రావలసిందే.

నావిగేటింగ్ అధికారి సంగతి కొంచెం ఎక్కువగా చెప్పాలనిపిస్తోంది, ఎందుకంటే అతని పని బయటివాళ్ళ కంటికి అసలు కనబడదు. ఓడ వెళ్ళే దారికి సంబంధించిన ప్రతి సముద్రపటమూ సరికొత్త సవరణలతో ఉండాలి. దేహరాదూన్‌లోని జాతీయ జలమాపన కార్యాలయం పదిహేను రోజులకొకసారి నావికులకు ప్రకటనలు వెలువరిస్తుంది. ఫలానా చోట దారి చూపడానికి నీటిమీద తేలే దీపపు బోయా స్థలం మారింది, ఫలానా చోట మునిగిన పడవ ఉంది, ఫలానా చోట లోతు తగ్గింది అని వాటిలో ఉంటుంది. కాగితపు పటం మీద ఒక్కొక్క సవరణను మజెంటా రంగు సిరాతో రాసి, ఆ ప్రకటన సంఖ్యను పటం అడుగున ఎడమ మూలలో వేయాలి. ఇప్పుడు తెర మీద కనిపించే ఎలక్ట్రానిక్ పటాలు వచ్చాయి కాబట్టి ఆ బాధ తీరిపోయిందని కుర్రవాళ్ళు అంటుంటారు. నేను పూర్తిగా ఒప్పుకోను. సవరణ యంత్రంలోకి తనంతట తాను చేరుతుంది గాని, మన దారిలో దాని అర్థమేమిటో ఆలోచించే పని మనిషిదే.

ఆ తరువాత దారి గీయాలి. విశాఖ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు (ఇప్పటి శ్రీ విజయపురం) దాదాపు 1,200 కిలోమీటర్లు. గంటకు 15 నాటికల్ మైళ్ళ వేగంతో, అంటే సుమారు 28 కిలోమీటర్ల వేగంతో వెళ్తే రెండు రోజులకు కాస్త తక్కువ పడుతుంది. అది విశాలమైన సముద్రం కాబట్టి గీత గీయడం సులువు. అక్కడి నుంచి మలక్కా జలసంధి దాటి సింగపూర్ వైపు వెళ్ళాలంటే మాత్రం, ఫిలిప్స్ ఛానల్ దగ్గర వెడల్పు మూడు కిలోమీటర్ల లోపే ఉంటుంది. ప్రపంచంలోని ఓడలన్నీ అటే వస్తున్నట్టు ఉంటుంది. ఎక్కడ తిప్పాలి, తిప్పడానికి ఎంత ముందు చుక్కాని ఆజ్ఞ ఇవ్వాలి, ఏ గంటకు పోటు ఎంత, ఓడ అడుగు కింద నీరు ఎంత మిగులుతుంది, పొరపాటున పక్కకు జరిగితే ఎంతవరకు ప్రమాదం లేదు అని ప్రతి మలుపుకూ లెక్క వేసి కెప్టెన్ ముందు పెట్టి ఒప్పించాలి. ఇవన్నీ సముద్రం చేరకముందే కావాలి, ఎందుకంటే మొదటి పరీక్ష ఊళ్ళోనే ఉంది: 1933లో తెరచిన మన లోపలి రేవు నుంచి బయటికి రావాలంటే డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కన ఇరుకైన కాలువలోంచే రావాలి.

సరుకుల విషయం క్లుప్తంగా చెబుతాను. బియ్యం, గోధుమపిండి, పప్పులు, కూరగాయలు, మందులు, విడిభాగాలు ఇరుకైన మెట్ల గుండా చేతులు మారుతూ లోపలికి వెళ్తాయి. ఆ వరుసలో అధికారులు కూడా నిలబడతారు. చివర్లో వాడేవి అడుగున, ముందు వాడేవి పైన సర్దాలి. ఆకుకూరలు మొదటి వారంలోనే అయిపోతాయి, ఉల్లి, బంగాళాదుంపలు మరికొంత కాలం వస్తాయి. నూనె, నీరు, సరుకుల బరువు ఎక్కడ ఎంత చేరిందో ఇంజనీరింగ్ అధికారి లెక్క కడుతూనే ఉండాలి; బరువు పైకి చేరితే ఓడ నిలకడ తగ్గుతుంది. మందుగుండు ఎక్కించే రోజున ఎర్రజెండా ఎగురుతుంది, అది అంతర్జాతీయ సంకేతాల్లో ‘బీ’ జెండా. ఆ పని ముగిసేవరకు ఓడలో పొగ, నిప్పు, మొబైల్ ఫోను ఉండకూడదు. అగ్నిమాపక గొట్టాలు పరచి ఉంచుతారు. ప్రతి వస్తువునూ లెక్కపెట్టి, తీసుకున్న అధికారి సంతకం చేస్తాడు. ఆ సంతకం వల్లే అధికారి పనిలో బరువు పెరుగుతుంది. తన చేతితో చేయని పనికి కూడా, స్వయంగా చూసి తృప్తిపడ్డాకే పేరు రాయాలి.

ఇన్ని పనుల మధ్య అధికారికి మనుషులు ఉంటారు. నౌకాదళంలో ప్రతి నావికుడికీ ఒక డివిజనల్ అధికారి ఉంటాడు. ఆ నావికుడి సెలవు, జీతం, పదోన్నతి పరీక్ష, క్వార్టర్లు, ఇంటి కష్టం అన్నీ ఆ అధికారి పట్టించుకోవాలి. శ్రీకాకుళం వైపు పల్లె నుంచి వచ్చిన కుర్రవాడొకడు ఉన్నాడనుకోండి. భార్యకు నెలలు నిండుతున్నాయి, ఓడ బయలుదేరిన మూడో వారంలో ప్రసవం. అతను అడగడానికి సిగ్గుపడతాడు, పనిలో ముభావంగా ఉంటాడు. సంగతి కనిపెట్టి కూర్చోబెట్టి అడగాలి. అతని బదులు మరొకర్ని పంపగలమా అని చూడాలి. పంపలేకపోతే కల్యాణి ఆసుపత్రిలో ఆమె పేరు నమోదయిందా, తోడుగా అత్తగారు వస్తున్నారా, అవసరమైతే ఎవరికి ఫోను చేయాలి అని తేల్చాలి. మరొకతని తండ్రికి ఆపరేషన్, ఇంకొకతనికి బ్యాంకు ఋణం గొడవ. జీతం ఎవరి ఖాతాకు వెళ్ళాలి, అత్యవసరమైతే ఎవరికి కబురు పంపాలి అన్న కాగితాలు ప్రతి ఒక్కరివీ సరిచూడాలి. యంత్రాల పని వెనుకబడితే అందరికీ తెలుస్తుంది. ఈ పని వెనుకబడితే రెండు నెలల తరువాత, రాత్రి కాపలాలో ఒక మనిషి మనసు ఎక్కడో ఉన్నప్పుడు మాత్రమే తెలుస్తుంది. నా అభిప్రాయంలో మంచి అధికారిని గుర్తుపట్టేది ఇక్కడే, తుపాకుల దగ్గర కంటే ఇక్కడే.

ఓడా మనుషులూ సిద్ధమయ్యాక అందరికీ కలిపి శిక్షణ ఉంటుంది. దీన్ని వర్క్-అప్ అంటారు. బయటి నుంచి వచ్చిన శిక్షణ బృందం గడియారాలు పట్టుకుని నిలబడుతుంది. అర్ధరాత్రి ఇంజన్ గదిలో మంటలని గంట మోగుతుంది. ఊపిరితిత్తుల్లోకి పొగ వెళ్ళకుండా పరికరాలు తగిలించుకుని, తలుపులు మూసి, మంట ఆర్పాలి. అది ముగిసేలోగా మరో గదిలోకి నీళ్ళు వస్తున్నాయంటారు; చెక్క బిరడాలు, దూలాలు పెట్టి ఆపాలి. మనిషిలాంటి బొమ్మను సముద్రంలోకి విసిరి, ఎంతసేపట్లో పైకి తీశారో చూస్తారు. తృప్తి కలగకపోతే మళ్ళీ మొదటి నుంచి చేయిస్తారు. పగలంతా డాక్‌యార్డ్ పని, రాత్రంతా ఈ సాధన.

మీరు దీన్ని చదివి, నిద్ర మానుకోవడమే అధికారికి గొప్పతనం అనుకుంటారేమో. అలా అనుకున్న నౌకాదళాలు మూల్యం చెల్లించాయి. 2017 జూన్ 17న జపాన్ తీరంలో అమెరికా యుద్ధనౌక ఫిట్జెరాల్డ్ ఒక సరుకు ఓడను ఢీకొని ఏడుగురు నావికులు చనిపోయారు. రెండు నెలలకే, ఆగస్టు 21న, సింగపూర్ దగ్గర జాన్ మెక్‌కెయిన్ అనే మరో నౌక ట్యాంకరును ఢీకొని పదిమంది చనిపోయారు. ఆ తరువాత జరిగిన విచారణల్లో చాలని శిక్షణ, ఊపిరి తిప్పుకోనివ్వని కార్యక్రమాలు, మనుషుల అలసట కారణాలుగా బయటపడ్డాయి. అందుచేత విశ్రాంతిని కూడా పనుల పట్టికలో రాసుకునే అధికారిని నేను ఎక్కువగా గౌరవిస్తాను. ‘ఈ పని రేపు చేద్దాం, ఈ రాత్రి వీళ్ళు పడుకోవాలి’ అని పై అధికారికి చెప్పడానికి ధైర్యం కావాలి. గడువు దగ్గరపడుతున్నప్పుడు మరీ ఎక్కువ కావాలి.

ఇదంతా నెలల ముందు తెలిసిన యాత్ర సంగతి. కొన్నిసార్లు నెలలు ఉండవు. 2020 మే నెలలో కరోనా రోజుల్లో మన విశాఖ ఓడ జలాశ్వను అక్కడ చిక్కుకున్న మనవాళ్ళను తేవడానికి మాల్దీవులకు పంపినప్పుడు, యుద్ధసామగ్రి మోసే ఓడలో ప్రయాణికులకు పడకలు, భోజనం, మందులు, ఒకరి జబ్బు మరొకరికి అంటకుండా వేరువేరు భాగాలు సిద్ధం చేయవలసి వచ్చింది. మే 10న 698 మందిని కొచ్చికి చేర్చింది. 2025 మార్చి 28న మయన్మార్‌లో భూకంపం వస్తే మరునాడే మన ఓడలు సాత్పురా, సావిత్రి సహాయసామగ్రితో యాంగోన్‌కు బయలుదేరాయి. రేవులో ఉన్నప్పుడు రోజువారీ పని సక్రమంగా చేసుకున్న ఓడ మాత్రమే ఒక్కరోజులో అలా కదలగలదు.

చివరి రోజున నీలి అంచు, మధ్యలో తెల్ల చదరం ఉన్న ‘పీ’ జెండా కనబడితే, ఓడ బయలుదేరుతోంది, అందరూ లోపలికి రండి అని అర్థం. అప్పుడు మీ నాన్నగారో అమ్మగారో చేయి ఊపడం లేదని అలగకండి. తాళ్ళు విప్పేవేళ ప్రతి అధికారికీ ఒక స్థానం ఉంటుంది, అక్కడి నుంచి చూపు తిప్పకూడదు. ఆ రాత్రి పన్నెండు నుంచి నాలుగు వరకు కాపలా ఎవరికో ఒకరికి పడుతుంది. సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది వరకు ఉన్న కాపలాను రెండు రెండు గంటలుగా విడగొట్టారు కాబట్టి, ఆ అర్ధరాత్రి వంతు రోజూ ఒకరికే పడదు. ఇక వారం తిరిగేసరికి ఇంజనీరింగ్ అధికారి కొత్త పుస్తకం తెరుస్తాడు, తిరిగి వచ్చాక డాక్‌యార్డ్‌కు ఇవ్వవలసిన లోపాల జాబితా అందులో మొదలవుతుంది.

జలాంతర్గామిలో సరుకులు ఎక్కడ సర్దుతారని అడిగినవాళ్ళకు వేరే ఉత్తరం రాస్తాను. ఈలోగా బీచ్ రోడ్డులో మ్యూజియంగా ఉంచిన జలాంతర్గామి కుర్సురాను ఒకసారి లోపలికి వెళ్ళి చూసి రండి. వంటగది ఎంత ఉందో కొలుచుకుని మరీ రండి.

ఇట్లు,
మీ తాతయ్య
విశాఖపట్నం